మోకాలి నొప్పి వదలడం లేదు. పరుగు ఆపాలా, సైకిల్ ఆపాలా?

విభాగం: బెంగళూరు తెలుగువాళ్ళు › ఆటలు, వ్యాయామం

అగర_చెరువు
శనివారం, ఉదయం 7:52

అందరికీ నమస్తే. సొంతూరు తెనాలి, ఉండేది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. వయసు 38. వారంలో మూడు రోజులు అగర చెరువు దగ్గర పరుగు, ఆదివారం వీలైతే నంది హిల్స్ దాకా సైకిల్. ఆఫీసు బెళ్ళందూరులో, అక్కడికీ సైకిల్ మీదే.

ఉగాది ముందు నుంచి కుడి మోకాలు సతాయిస్తోంది. ఎక్కడ నొప్పి అంటే వేలు పెట్టి చూపించలేను, అరచెయ్యి మొత్తం చిప్ప మీద వెయ్యాల్సిందే. చిప్ప చుట్టూ, చిప్ప వెనకాల. పరుగు మొదలెట్టిన కాసేపటికి వస్తుంది, ఒళ్ళు వేడెక్కాక సర్దుకుంటుంది. ఇంటికొచ్చి కాసేపు కూర్చుని లేస్తే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. మెట్లు ఎక్కడం పరవాలేదు, దిగడమే నరకం. రెండు గంటల మీటింగ్‌లో కాలు ముడుచుకుని కూర్చుంటే లోపల ఒకటే సలుపు. వాపు లేదు, ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు.

ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే తీయించి, "గుజ్జు కాస్త తగ్గినట్టుంది, పరుగు మానేసి ఈత కొట్టండి" అని మాత్రలు రాసిచ్చారు. మానేశాను. నొప్పి పోయింది. మళ్ళీ బూట్లు తొడిగిన వారానికే తిరిగొచ్చింది. ఇదే తంతు నడుస్తోంది అప్పటినుంచీ. శీతాకాలంలోపు ఒక హాఫ్ మారథాన్ పరిగెత్తాలని ఆశ. రెంటిలో ఒకటి వదులుకోక తప్పదంటే ఏది వదలమంటారు?

అనంతపురం_ఎక్స్‌ప్రెస్
శనివారం, ఉదయం 8:30

బ్రో, ముందు ఆ "గుజ్జు తగ్గింది" అన్న మాటని మనసులోంచి తీసెయ్. ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి. రెండు ఎముకల మధ్య సందు ఎంతుందో చూసి గుజ్జు సంగతి ఊహిస్తారు, అంతే. ముప్ఫై ఎనిమిదేళ్ళకి అరిగిపోవడమేంటి?

రెండోది, పరిగెత్తితే మోకాళ్ళు అరిగిపోతాయని మన పెద్దవాళ్ళందరికీ ఓ గట్టి నమ్మకం. 2017లో చాలా అధ్యయనాలని కలిపి లెక్క చూశారు. సరదాకి పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. అసలు పరిగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో మాత్రం 13.3. నువ్వూ నేనూ మొదటి గుంపు. మెడల్ కోసం కాదు, పరుగయ్యాక దోసె కోసం పరిగెత్తే బాపతు.

ఏదీ వదలొద్దు.

గుజ్జు_అరిగిన_గురుడు
శనివారం, ఉదయం 9:14

తమ్ముడూ అనంతపురం, అంకెలు బాగున్నాయి కానీ అందులో ఒక తిరకాసుంది. మోకాలు చెడినవాడు పరుగు మానేసి కూర్చునేవాళ్ళ గుంపులో చేరతాడు. ఇంకా పరిగెత్తుతున్నాడంటేనే వాడి మోకాళ్ళు బాగున్నట్టు లెక్క. కాబట్టి పరుగే కాపాడిందనడానికి ఆ లెక్క చాలదు. పరుగు వల్లే పాడవుతుందన్న మాట తప్పని చెప్పడానికి మాత్రం చాలు.

నేను బ్యాంకులో రిటైరై మల్లేశ్వరంలో ఉంటున్నాను. నాది నిజంగానే అరిగింది. పొద్దున మంచం దిగగానే కాసేపు బిగుసుకుపోయి ఉంటుంది, నాలుగడుగులు వేస్తే వదులుతుంది. అయినా సాంకీ చెరువు చుట్టూ రోజూ నడుస్తాను. మానేసిన వారం ఇంకా బిగుస్తుంది తప్ప తగ్గదు. కాబట్టి అగర చెరువు అబ్బాయీ, నాలాంటివాడే ఆపలేదు, నువ్వెందుకు ఆపడం? కాకపోతే ఎందుకొస్తోందో కనుక్కోకుండా పరిగెత్తడమూ తెలివైన పని కాదు.

గేర్_బాబాయ్
శనివారం, ఉదయం 10:05

అందరూ పరుగు మీద పడ్డారు, సైకిల్ సంగతి ఒక్కరూ అడగలేదు. అగర చెరువు గారూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటు మీద కూర్చునే కాలు కింద పెడతారా, లేక సీటు దిగి ముందుకొచ్చి నిలబడతారా?

అగర_చెరువు
శనివారం, ఉదయం 10:21

కూర్చునే, బాబాయ్. రెండు కాళ్ళూ నేలకి ఆనతాయి. సిల్క్ బోర్డ్ వైపు ట్రాఫిక్‌లో పక్కనించి ఎవడొస్తాడో తెలీదు కదా, కాళ్ళు అందితే ధైర్యం. సైకిల్ ఆఫీసులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆయన నాకంటే పొట్టి. సీటు ఆయన పెట్టుకున్నచోటే ఉంది.

గేర్_బాబాయ్
శనివారం, ఉదయం 11:40

దొరికింది. పూర్తిగా ఇదే అనను కానీ సగం దొంగ ఇక్కడే ఉన్నాడు.

సీటు అంత కిందికి ఉంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటుంది. ముడిచిన మోకాలితో బలంగా తొక్కినప్పుడు చిప్ప వెళ్ళి తొడ ఎముకకి గట్టిగా అదుముకుంటుంది. నిమిషానికి 90 తిప్పులు వేస్తే గంటకి ఒక్కో కాలు 5,400 సార్లు ముడుచుకుంటుంది. నంది దాకా వెళ్ళి వచ్చేసరికి ఎన్నిసార్లో మీరే లెక్కేసుకోండి.

ఇంట్లో చూసుకునే పద్ధతి చెప్తాను. సైకిల్‌ని గోడకి ఆనించి, రోజూ వేసుకునే బూట్లతో ఎక్కి కూర్చోండి. మడమని పెడల్ మీద పెట్టి పెడల్‌ని పూర్తిగా కిందికి తీసుకెళ్ళండి. అప్పుడు కాలు నిటారుగా చాపుకోవాలి. ఇంకా వంగి ఉంటే సీటు తక్కువ. మడమ అందక నడుం ఒక పక్కకి జారితే ఎక్కువ. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి, కిందికి వెళ్ళినప్పుడు మోకాలికి 25 నుంచి 35 డిగ్రీల వంపు దానంతటదే మిగులుతుంది.

లెక్క కావాలంటే అదీ ఉంది. చెప్పుల్లేకుండా గోడకి ఆని నిలబడి, ఒక లావుపాటి పుస్తకాన్ని రెండు కాళ్ళ మధ్య సీటులా పైకి నొక్కిపట్టి, నేల నుంచి పుస్తకం పైఅంచు దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. 80 సెంటీమీటర్లు వస్తే 70.6 అన్నమాట. నన్నడిగితే మడమ పద్ధతితో మొదలుపెట్టి లెక్కతో సరిచూసుకోండి. లెక్కనే నమ్ముకుని ఒకేసారి రెండంగుళాలు లేపేసి వెనకవైపు నరాలు పట్టేసి వచ్చినవాళ్ళని చూశాను. ఐదేసి మిల్లీమీటర్లు లేపండి, మూణ్ణాలుగు సార్లు తొక్కి చూడండి, మళ్ళీ ఐదు. సీటు గొట్టం మీద గీత ఒకటి ఉంటుంది, అది బయటికి కనిపించేదాకా లాగకూడదు.

సిగ్నల్ దగ్గర సీటు దిగి ముందుకొచ్చి నిలబడటం అలవాటు చేసుకోండి. రెండు రోజులు భయంగా ఉంటుంది, తర్వాత కూర్చోమన్నా కూర్చోరు.

ఇంకోటి. నందికి ఏ గేర్‌లో ఎక్కుతున్నారు?

అగర_చెరువు
శనివారం, మధ్యాహ్నం 12:10

ముందు పెద్ద పళ్ళచక్రమే. చిన్నదానికి మారిస్తే చైన్ ఊడుతోందని మార్చడం మానేశాను.

గేర్_బాబాయ్
శనివారం, మధ్యాహ్నం 12:13

శివశివా.

మెకానిక్‌కి చూపించండి. ముందు చక్రాల మీద చైన్‌ని అటూ ఇటూ మార్చే పరికరాన్ని డిరైలర్ అంటారు, దానికి లోపలివైపు హద్దు బిగించే చిన్న స్క్రూ ఒకటుంటుంది. చాలాసార్లు దాన్ని కాస్త తిప్పితే సరిపోతుంది. 1,478 మీటర్ల కొండని పెద్ద చక్రంతో ఎక్కడం మోకాలితో కక్ష కట్టడమే. చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం, నిమిషానికి 70 తగ్గకుండా కాళ్ళు తిప్పండి. చదును రోడ్డు మీద 80, 90.

జయనగర్_ఫిజియో
శనివారం, సాయంత్రం 6:45

బాబాయ్ గారు సీటు గురించి చెప్పింది ముమ్మాటికీ నిజం. ముందువైపు నొప్పికి సీటు తక్కువవడం లేదా మరీ ముందుకి ఉండటం, వెనకవైపు నొప్పికి సీటు ఎక్కువవడం. మా దగ్గరికొచ్చే సైకిల్ వాళ్ళందరినీ నేను అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. కానీ సీటు సరిచేసి ఊరుకుంటే పరుగులో నొప్పి పోదు.

అగర చెరువు గారూ, మీరు రాసిన లక్షణాలు చదివితే చిప్పకీ తొడ ఎముకకీ మధ్య వచ్చే నొప్పిలా ఉంది. రన్నర్స్ నీ అంటారు. మెట్లు దిగేటప్పుడు, గొంతుకు కూర్చున్నప్పుడు, సినిమా హాల్లో చాలాసేపు కాలు ముడుచుకున్నప్పుడు రావడం, వేలితో చూపించలేకపోవడం, ఇవన్నీ దాని గుర్తులే. చూడకుండా రోగనిర్ణయం చెయ్యను, మీ దగ్గర్లో ఫిజియోకి ఒకసారి చూపించుకోండి. ఈలోగా మీరే చూసుకోగలిగేది ఒకటి చెప్తాను.

ఇంట్లో అద్దం ముందు ఓ ఆరేడంగుళాల ఎత్తున్న పీటో, మెట్టో పెట్టుకోండి. కుడికాలు దాని మీద. నడుం మీద రెండు చేతులు. ఎడమ మడమని నెమ్మదిగా, మూడు అంకెలు లెక్కపెడుతూ నేలకి తాకించి మళ్ళీ లేవండి. తాకించాలి, బరువు వెయ్యకూడదు. అద్దంలో కుడి మోకాలినే చూడండి. అది రెండో వేలి మీదుగా నిటారుగా దిగుతోందా, లేక బొటనవేలు దాటి లోపలికి వాలుతోందా? ఎడమవైపు నడుం కిందికి జారుతోందా? ఐదారుసార్లు చేశాక వాలడం మొదలైతే పిరుదు పక్క కండరాలు అలిసిపోతున్నాయని అర్థం. పరుగులో ప్రతి అడుగూ ఇలా ఒంటికాలి మీద దిగడమే కదా.

విశ్రాంతితో ఎందుకు తగ్గి మళ్ళీ వస్తోందంటే, విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుంది కానీ కాలికి బలమివ్వదు. మీరు మానేసిన వారాల్లో తొడ ఇంకా బలహీనపడుతుంది. తిరిగి మొదలెట్టినప్పుడు పాత దూరమే పరిగెత్తుతారు. బరువు అంతే, మోసేది తగ్గింది.

అగర_చెరువు
శనివారం, రాత్రి 9:02

మేడమ్, ఇప్పుడే చేసి చూశాను. నాలుగోసారికే మోకాలు లోపలికి వాలిపోయింది. ఎడమకాలితో చేస్తే నిటారుగానే ఉంది. మా ఆవిడ వీడియో తీసి పడీపడీ నవ్వుతోంది.

ఏం చెయ్యాలో చెప్పండి. ఈ మాత్రలు మాత్రం మళ్ళీ వేసుకోవాలని లేదు.

జయనగర్_ఫిజియో
శనివారం, రాత్రి 10:18

రోజు విడిచి రోజు చెయ్యండి. జిమ్ అక్కర్లేదు.

అదే మెట్టు దిగడం, ఈసారి వ్యాయామంగా. మోకాలు వాలకుండా ఎంత ఎత్తు దిగగలరో అంతే ఎత్తుతో మొదలు. రెండు లావు పుస్తకాల ఎత్తైనా సరే. ఎనిమిది నుంచి పది సార్లు, మూడు విడతలు. తర్వాత గోడకి వీపు ఆనించి గోడ కుర్చీ, తొడలు నేలకి సమానంగా వచ్చేదాకా వద్దు, నొప్పి రాని ఎత్తులో ఆగి అర నిమిషం నిలవండి. పక్కకి పడుకుని పైకాలు చాపి లేపడం, మడమ కాస్త వెనక్కి ఉండాలి, ముందుకి జారితే పిరుదు పని చెయ్యదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి నడుం లేపడం. సులువైపోయాక ఒంటికాలితో. పిక్కల కోసం ముంగాళ్ళ మీద లేవడం. పిరుదుకీ తొడకీ కలిపి చేస్తేనే ఈ నొప్పికి బాగా పనిచేస్తుంది, తొడకొక్కదానికే చేస్తే అంత ఫలితం ఉండదు.

నొప్పి సున్నా ఉండాలని లేదు. పదిలో మూడు దాకా ఓర్చుకోవచ్చు. మర్నాడు పొద్దుటికి మామూలైపోతే అది మీ మోకాలు మొయ్యగలిగే బరువు. మర్నాడు మెట్లు దిగడం నిన్నటికంటే కష్టంగా ఉంటే ఎక్కువైంది, తగ్గించండి. ఆరు వారాలకి తేడా తెలుస్తుంది. బలం నిలబడటానికి మూడు నెలలు.

పరుగు ఆపొద్దు, తగ్గించండి. నొప్పి మూడు దాటని దూరమెంతో అంతే, చదునుగా ఉన్నచోట, రోజు మార్చి రోజు. నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో మీ వాచ్‌లో ఉంటుంది, చూసి చెప్పండి.

మాత్రల గురించి డాక్టర్ని అడక్కుండా ఏమీ చెప్పను, ఒక్కటి తప్ప. పరుగుకి ముందు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి వేసుకుని లాంగ్ రన్‌కి వెళ్ళొద్దు. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాల మీద దెబ్బ కొడతాయి. పైగా నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలీదు.

గుజ్జు_అరిగిన_గురుడు
ఆదివారం, ఉదయం 6:20

డైక్లోఫెనాక్ అంటే గుర్తొచ్చింది. మన దేశంలో రాబందులు తుడిచిపెట్టుకుపోయింది దానివల్లే. పశువులకి వేస్తే, చచ్చిన పశువుని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యాయి. 2006లో పశువులకి వాడటం నిషేధించారు. విషయానికి సంబంధం లేదు, చెప్పాలనిపించింది.

అగర_చెరువు
ఆదివారం, ఉదయం 8:47

నిమిషానికి 158 అడుగులు, మేడమ్.

జయనగర్_ఫిజియో
ఆదివారం, ఉదయం 11:30

అదే వేగంతో 166 చెయ్యండి. ఐదు శాతం పెంపు. అడుగు పొట్టిదవుతుంది, పాదం ఒంటికి దగ్గరగా పడుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని టిక్కు టిక్కుకీ ఒక అడుగు. మొదట్లో బొమ్మలా పరిగెత్తుతున్నట్టుంటుంది, అలవాటైపోతుంది. 180 ఉండాలని ఎవరైనా చెప్తే వినకండి, అందరికీ ఒకే సంఖ్య ఉండదు.

సీతమ్మధార_పిల్ల
ఆదివారం, సాయంత్రం 5:15

ఇదే చర్చలో అడగొచ్చా అక్కా? నాది వేరే రకం నొప్పి. మోకాలి బయటివైపు, ఒకేచోట, సూది పెట్టి గుచ్చినట్టు. నాలుగో కిలోమీటరు దాకా ఏమీ ఉండదు. అక్కణ్ణుంచి మొదలైతే ఇక అడుగు పడదు. ఆగి నడిస్తే పోతుంది. పరిగెత్తితే మళ్ళీ అదే చోట. వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ బయట రోడ్డు పక్కన పరిగెత్తుతాను, ఎప్పుడూ ఎడమ అంచునే.

జయనగర్_ఫిజియో
ఆదివారం, రాత్రి 8:50

ఇది ఐటీ బ్యాండ్ కావచ్చు. తుంటి నుంచి మోకాలి కిందిదాకా బయటివైపు సాగే మందపాటి పట్టీ. మోకాలు 30 డిగ్రీలు వంగినప్పుడు అక్కడ ఒత్తిడి ఎక్కువ. అందుకే పరుగులో ప్రతి అడుగుకీ తగులుతుంది, గొంతుకు కూర్చుంటే తెలియదు. దిగుడు రోడ్డు మీద ఇంకా ఎక్కువ.

రోడ్డు నీళ్ళు పోవడానికి అంచులవైపు వాలుగా వేస్తారు. రోజూ ఒకే అంచున పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. ఆదివారాలు కబ్బన్ పార్క్ లోపల వాహనాలు ఉండవు, రోడ్డు మధ్యలో హాయిగా పరిగెత్తొచ్చు. మిగతా రోజులు దగ్గర్లో ఏదైనా చెరువు గట్టు చూసుకోండి, వెళ్ళేటప్పుడు ఒకవైపు, వచ్చేటప్పుడు రెండోవైపు తిరిగి రండి. నాలుగో కిలోమీటరుకి వస్తుందని తెలుసు కదా, మూడుకే ఆపి, పిరుదు పక్క వ్యాయామాలు నెలన్నర చేసి, మెల్లగా పెంచండి. ఫోమ్ రోలర్ (కండరాలు నొక్కుకునే గట్టి నురుగు దిమ్మ) మీద దొర్లితే హాయిగా ఉంటుంది, కానీ ఆ పట్టీ సాగేది కాదు. దొర్లి దాన్ని పొడుగు చెయ్యలేరు.

కొత్త_సభ్యుడు_8841
సోమవారం, మధ్యాహ్నం 2:05

[మోకాలి నొప్పుల నూనె ప్రకటన తొలగించబడింది. నిర్వాహకులు]

అనంతపురం_ఎక్స్‌ప్రెస్
సోమవారం, మధ్యాహ్నం 2:40

ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

బీటీఎమ్_బావ
సోమవారం, రాత్రి 9:30

నూనె అంటే గుర్తొచ్చింది, మా అమ్మ నువ్వులనూనె గోరువెచ్చగా చేసి రాయమంటుంది. అలాగే మా మేనేజర్ గ్లూకోసమైన్ బిళ్ళలు వాడమన్నాడు. ఒక ల్యాబ్‌లో ఎమ్‌ఆర్‌ఐ మీద ఆఫర్ కూడా నడుస్తోంది. వీటిలో ఏది పనికొస్తుంది? నాకూ రన్నింగ్ వల్లే ముందువైపు నొప్పి. వయసు 44.

గుజ్జు_అరిగిన_గురుడు
సోమవారం, రాత్రి 10:12

మూడింటిలో మీ అమ్మగారిదే చవక, హాని లేనిది. రాసుకోండి. హాయిగా నిద్రపడుతుంది.

గ్లూకోసమైన్ నేను చాలాకాలం మింగాను. 2006లో అమెరికాలో పదిహేను వందలమందికి పైగా అరుగుదల ఉన్నవాళ్ళ మీద పెద్ద పరీక్ష చేశారు. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి బిళ్ళకంటే మెరుగ్గా పనిచెయ్యలేదు. ఆ డబ్బుతో ఇప్పుడు మంచి బూట్లు కొంటున్నాను.

ఎమ్‌ఆర్‌ఐకి మాత్రం తొందరపడకండి. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో యాభై దాటినవాళ్ళలో, ఎక్స్‌రేలో ఏమీ లేనివాళ్ళనే తీసుకుని ఎమ్‌ఆర్‌ఐ చేస్తే, 89 శాతం మందిలో ఏదో ఒక తేడా కనిపించింది. నొప్పి ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ ఇద్దరూ. మీకు యాభై రాలేదు కానీ సంగతి అదే. రిపోర్టులో చిరుగు అని ఒక మాట చూశాక మనిషికి నిద్రపట్టదు. ఆ చిరుగుకీ, ఈ నొప్పికీ సంబంధం ఉందో లేదో మాత్రం ఫిల్మ్ చెప్పదు.

జయనగర్_ఫిజియో
మంగళవారం, ఉదయం 7:10

గురువు గారి మాటకి ఒక్క సవరణ. కొన్ని సందర్భాల్లో ఆలస్యం చెయ్యకూడదు. మోకాలు మెలిపడిన కొన్ని గంటల్లోనే వాచిపోతే, మధ్యలో ఇరుక్కుపోయి చాపడానికి రాకపోతే, నడుస్తుంటే ఒక్కసారిగా కాలు జారిపోయినట్టు లొంగిపోతే, నాలుగడుగులు కూడా బరువు వెయ్యలేకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కీలు ఎర్రబడి కాలిపోతూ జ్వరం వచ్చినా, ఒకవైపు పిక్క వాచి నొప్పి పెడుతున్నా ఆ రోజే ఆసుపత్రికి. కూర్చున్నా పడుకున్నా రాత్రంతా ఒకేలా నొప్పి ఉన్నా చూపించుకోవాలి. అక్కడ ఎమ్‌ఆర్‌ఐ అవసరమైతే వాళ్ళే రాస్తారు. ఆఫర్ చూసి తీయించుకునేది కాదది.

నొప్పి లేకుండా టకటకమని శబ్దం ఒక్కటే వస్తుంటే భయపడక్కర్లేదు. వారానికి ఇద్దరైనా దీనికోసం వస్తారు నా దగ్గరికి.

బీటీఎమ్_బావ
మంగళవారం, ఉదయం 9:25

థాంక్స్ మేడమ్. ఇంకొక్క డౌట్. వచ్చే నెల తిరుమలకి మొక్కు ఉంది, అలిపిరి నుంచి నడిచి ఎక్కాలి. 3,550 మెట్లు. ఈ మోకాలితో ఎక్కొచ్చా?

అనంతపురం_ఎక్స్‌ప్రెస్
మంగళవారం, ఉదయం 9:50

శ్రీవారి మెట్టు నుంచి ఎక్కు బావా, 2,388 మెట్లే.

జయనగర్_ఫిజియో
మంగళవారం, మధ్యాహ్నం 1:30

మెట్లు తక్కువే కానీ అదే కొండని తక్కువ దూరంలో ఎక్కాలి, నిట్టనిలువుగా ఉంటుంది. అలిపిరి దారిలో మధ్యలో చదును నడక దొరుకుతుంది, మోకాలికి ఊపిరి తీసుకునే సందు. మోకాళ్ళ పర్వతం దగ్గర మాత్రం తొందరపడకండి. ఎక్కువ భాగం నడిచేశాక వస్తుంది, అప్పటికే కాళ్ళు అలిసి ఉంటాయి. పక్కన కమ్మీ పట్టుకుని, నొప్పి లేని కాలు ముందు వేసి ఎక్కండి. దిగడం మాత్రం బస్సులోనే. మొక్కు ఎక్కడానికే కదా.

ఇప్పటినుంచి మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కుతూ, లిఫ్ట్‌లో దిగుతూ అలవాటు చేసుకోండి. వారం వారం రెండంతస్తులు పెంచుకుంటూ పోండి.

అగర_చెరువు
కొన్ని వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 12:40

అందరికీ అప్‌డేట్ ఇస్తానని అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

సీటు మొత్తం మీద నాలుగు సెంటీమీటర్లు లేచింది. మెకానిక్ ఐదు నిమిషాల్లో డిరైలర్ స్క్రూ తిప్పి ఇచ్చాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. ఇవాళ నందికి చిన్న చక్రంతో వెళ్ళొచ్చాను. పక్కనించి అందరూ దాటిపోతుంటే కాస్త నామోషీగా ఉంది కానీ పైకి చేరాక మోకాలు ఉందన్న సంగతే గుర్తులేదు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడైతే నొప్పి పూర్తిగా పోయింది.

పరుగులో మాత్రం ఇంకా ఉంది. ఐదు కిలోమీటర్ల దాకా బాగుంటుంది, తర్వాత రెండో మూడో స్థాయిలో మొదలవుతుంది, మర్నాటికి పోతుంది. మెట్టు దిగే వ్యాయామం ఇప్పుడు చేతిలో ఐదు కిలోల సంచి పట్టుకుని చేస్తున్నాను. మోకాలు వాలడం లేదు, కానీ పదోసారికి వణుకుతుంది. హాఫ్ మారథాన్ ఈ ఏడాదికి వదిలేసి 10 కిలోమీటర్లకి పేరిచ్చాను.

జయనగర్_ఫిజియో
ఆదివారం, మధ్యాహ్నం 3:15

చాలా బాగుంది. సైకిల్ నొప్పి ముందు పోవడం మామూలే, అక్కడ కారణం ఒక్క బోల్టు తిప్పితే పోయేది. ఐదు దగ్గరే కొన్నాళ్ళు ఉండండి. ఒకే వారంలో దూరమూ, వేగమూ రెండూ పెంచొద్దు. రేస్ దగ్గరపడిందని వ్యాయామాలు మానేస్తారు అందరూ, మీరు మానకండి.

అనంతపురం_ఎక్స్‌ప్రెస్
ఆదివారం, మధ్యాహ్నం 3:32

సూపర్ బ్రో. బూట్లు ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో కూడా చూసుకో. 500 నుంచి 800 మధ్యలో అడుగు మెత్తదనం చస్తుంది. పైకి కొత్తగానే కనిపిస్తాయి.

అగర_చెరువు
ఆదివారం, సాయంత్రం 4:05

వాచ్ ప్రకారం తొమ్మిది వందలు దాటాయి, అన్నా. ఈ వారమే కొత్తవి తీసుకుంటా.

బాబాయ్, చివరి ప్రశ్న. బూట్లకి క్లీట్లు (బూటుని పెడల్‌కి పట్టి ఉంచే ముక్కలు) బిగించుకుందామనుకుంటున్నాను, షిమానో రోడ్ పెడళ్ళు. మా ఫ్రెండ్ ఎర్రవి తీసుకోమన్నాడు, పాదం అటూ ఇటూ బాగా కదులుతుందట. మోకాలికి మంచిదేనా?

గేర్_బాబాయ్
ఆదివారం, సాయంత్రం 4:48

మీ ఫ్రెండ్ లుక్ కంపెనీవి వాడుతుంటాడు. లుక్‌లో ఎరుపు అంటే 9 డిగ్రీల కదలిక. షిమానోలో ఎరుపు అంటే సున్నా, పాదం అస్సలు కదలదు. మీ మోకాలికి అది వద్దే వద్దు. షిమానోలో పసుపు తీసుకోండి, 6 డిగ్రీలు. నీలం 2.

బిగించే ముందు బల్ల అంచున కూర్చుని కాళ్ళు వేలాడేసి చూడండి, పాదాలు సహజంగా ఎటు తిరిగి ఉంటాయో. క్లీట్‌ని ఆ కోణానికే పెట్టాలి, బలవంతంగా నిటారుగా కాదు. ముందు ఖాళీగా ఉన్న సందులో ఎక్కడం, ఊడదీయడం సాధన చెయ్యండి. మొదటిరోజే సిల్క్ బోర్డ్ సిగ్నల్‌కి వెళ్తే సైకిల్‌తో సహా పక్కకి పడతారు, అందరికీ ఒకసారి అవుతుంది.